డ్రెయిన్ బోల్టుకు పెద్దపట్టు

నా మీసం ఇంకా నల్లగా ఉండి, మాట మాత్రం ఇప్పటిలాగే ఉన్న రోజుల్లో ఒక పెద్ద మోటారు సైకిలు ఇంజను అడుగు బోల్టు బిగించాను. ఏడాది తర్వాత ఆయిలు మార్చడానికి విప్పబోతే అది రాలేదు. పక్క వీధి నుంచి ఇద్దరు వస్తాదులు వచ్చారు. రాలేదు. పానాకు గడ్డపార తొడిగి నలుగురం వేలాడాం. బోల్టు ఉన్నచోటే ఉంది, బండే దాని చుట్టూ మూడు చుట్లు తిరిగింది. ఇక లాభం లేదని ఆ ఆసామి ఆయిలు మార్చకుండానే పదేళ్లు తోలి, చివరికి ఆ బోల్టును వీలునామాలో పెద్దకొడుక్కి రాసి కన్ను మూశాడు.

ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. వినేవాళ్లను బట్టి వస్తాదులు ఒక్కోసారి ముగ్గురయ్యేవారు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో వస్తాదులు లేరు. నేనూ, మా ఆవిడా, మా అబ్బాయీ కోడలూ, ఆసుపత్రి నుంచి వచ్చే సూపర్వైజరూ, ఈల వేసే ఒక రైడరూ ఉన్నారు. ఒక్క మాట కూడా పెంచి చెప్పను. పెంచాల్సిన అవసరం లేకుండానే అది నా గొంతుదాకా ఉంది.

ప్రతి మోటారు సైకిలు ఇంజనుకూ అడుగున ఒక డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే పాత ఆయిలు కారిపోతుంది, బిగించి పైనుంచి కొత్తది పోస్తాం. బోల్టేమో గట్టి ఉక్కు. అది దిగే చిల్లు మెత్తటి అల్యూమినియం. గట్టివాడూ మెత్తనిదీ కలిసి కాపురం చేస్తే ఎవరు అరుగుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. మరీ బిగిస్తే చిల్లులోని మర లేచిపోతుంది. అప్పుడు బోల్టు లోపల ఉన్నట్టే ఉంటుంది గానీ దేన్నీ పట్టుకుని ఉండదు.

మా షెడ్డులో ఎవరు ఏ బోల్టు బిగించినా చివర్లో నేనొచ్చి, నా పొడుగు పానా పెట్టి ఒక్క పట్టు పట్టేవాణ్ని. చుట్టు కాదు, పావు చుట్టు కూడా కాదు, బియ్యపు గింజంత. దానికి పెద్దపట్టు అని పేరు. నలభై ఏళ్లుగా అదే ఆనవాయితీ. బండి తీసుకెళ్లేవాళ్లు "పెద్దాయనా, పట్టు పడిందా?" అని అడిగి మరీ వెళ్లేవాళ్లు. "పడింది పో, ఇక నీ మనవడే విప్పుకోవాలి" అనేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వేవాణ్ని.

మా కోడలు ఈ ఇంటికి వచ్చినప్పుడు దానికి స్క్రూడ్రైవరుకీ స్పూనుకీ తేడా తెలియదు. మా అబ్బాయి షెడ్డు ముందుగదిలో స్పేర్ల కౌంటరు చూసుకుంటాడు. వాడు రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు అరువు తెచ్చుకున్నవే. ఇంట్లో ఊసుపోక ఆ పిల్ల నా పక్కన కూర్చుని పానాలు అందివ్వడం మొదలుపెట్టింది. ఆరు నెలల్లో నన్ను మించింది. ఏడో నెలలో ఆ సంగతి నాకు తెలిసింది. పదేళ్లయినా పైకి ఒప్పుకోలేదు. ఇప్పుడు షెడ్డు ఆమెది, నేను ఆమె పక్కన ఉన్న ముసలాణ్ని.

ఏడాది కిందట ఆమె ఒక కొత్త పానా తెచ్చింది. ఎంత బిగువు కావాలో ఆ అంకె దానిమీద తిప్పి పెడితే, అంత బిగువు రాగానే 'టిక్' మంటుంది, ఇక చాలని అర్థం. నేను దానికి టిక్కుపిల్ల అని పేరు పెట్టాను.

"మనిషి చేతికి తెలియంది ఇనప కడ్డీకి తెలుస్తుందా అమ్మాయ్?" అన్నాను.

"తెలియదు మామయ్యా. కానీ దానికి ఒకరోజు కోపం, ఒకరోజు నడుంనొప్పి ఉండవు కదా" అంది. మళ్లీ మెల్లగా, "టిక్ అన్నాక ఇక ఆ బోల్టు ముట్టుకోకండి. మీ పట్టుకు ఇనుము ఆగుతుంది గానీ ఈ కాలం ఇంజన్లు ఆగవు" అని చెప్పింది.

"సరే తల్లీ" అన్నాను. నా నోరు సరే అంది, చెయ్యి అనలేదు.

ఆమె పని ముగించి, సబ్బు డబ్బా తీసుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్లేది. ఆ రెండు నిమిషాల్లో నేను వంగి, పొడుగు పానా పెట్టి, నా పట్టు పట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కుర్చీలో కూర్చునేవాణ్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. ఏడాదిపాటు రోజూ ఇదే పని. అందులో నాకు ఒక సరదా కూడా ఉండేది. ఇంట్లో దాచిన బెల్లం ముక్క దొంగిలించిన సరదా.

మాకున్న పనిలో ముఖ్యమైంది ఆసుపత్రి బళ్లు. ఆరు మోటారు సైకిళ్లు. కొండ మీది ఊళ్లలో జనం దగ్గర పరీక్షలకు తీసిన రక్తం సీసాలను పెట్టెల్లో పెట్టుకుని రైడర్లు రోజూ కిందకు తెస్తారు. బళ్లు బాగా తిరుగుతాయి కాబట్టి నెలనెలా ఆయిలు మార్చాలి. ఏడాది కిందట మా కోడలు ఆసుపత్రికి తనే వెళ్లి మాట్లాడి తెచ్చుకున్న పని అది. ఆడమనిషి చేతికి బళ్లిస్తారా అని వీధి చివర షెడ్డువాళ్లు నవ్విన రోజున ఆమె ఆరు బళ్ల నంబర్లూ గోడ మీద సుద్దతో రాసి పనిలో కూర్చుంది.

మొదటి బండి పోయిన నెలలో చెడింది. ఆయిలు మార్చి బోల్టు బిగిస్తుంటే టిక్కు రాలేదు. బోల్టు తిరుగుతూనే ఉంది. విప్పి చూస్తే దాని మరల మధ్య వెండి తీగలా అల్యూమినియం చుట్టుకుని బయటికొచ్చింది.

"ఈ బోల్టుల లాటే సరిగ్గా లేదేమో" అన్నాను నేను, ఎవరూ అడగకుండానే. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను.

వారం తిరక్కుండా రెండోది వచ్చింది. అదే జబ్బు. మా కోడలు దాన్ని రెండు దిమ్మెల మీద నిటారుగా నిలబెట్టింది. ఊడిన బోల్టు నా చేతికిచ్చి, తుడిచి పెట్టమంది. తుడుస్తుంటే బోల్టు తల మీద ఒక మూల సన్నని గీత కనిపించింది. నా పొడుగు పానాకు లోపల ఒక పన్ను విరిగి ఉంది, ఏనాటిదో. అది పెట్టిన ప్రతి బోల్టు తల మీదా అలాంటి గీతే పడుతుంది. ఆ పానా నేను తప్ప ఎవరూ వాడరు.

అప్పుడు తెలిసింది నాకు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా, ఉన్నచోటే తెలిసింది. నేనేం చేశానో చెప్తాను వినండి. ఆ బోల్టు నా జేబులో వేసుకుని, "ఇది అరిగిపోయిందమ్మా, కొత్తది వేద్దాం" అన్నాను.

ఆమె మరమ్మతు మొదలుపెట్టింది. ముందు ఆయిలు ఆఖరి చుక్కదాకా కారనిచ్చింది. డ్రిల్లు ముక్కుకీ, మర కోసే ట్యాపుకీ గాడులనిండా గ్రీజు పూసింది, తెగిన రజను ఇంజనులోకి పోకుండా గ్రీజుకు అంటుకోవాలని. చిల్లును కాస్త పెద్దది చేసింది. తర్వాత ట్యాపు పెట్టి సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు, తీసి తుడిచి మళ్లీ గ్రీజు. నేను పక్కన లైటు పట్టుకుని కూర్చున్నాను. వంకరగా దిగితే ఇంజను అడుగంతా మార్చాల్సిందే. ప్రతి చుట్టుకీ ఆమె తల వంచి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి నిటారు చూసుకుంటోంది. ఆ పని పూర్తయ్యాక పైనుంచి కాస్త పలచని ఆయిలు పోసి కడిగి, కిందపడిన దాన్ని తెల్లగుడ్డ మీద పట్టి, రజను మెరుస్తుందేమోనని వేలితో రాసి చూసింది. రెండోసారి పోసింది. మూడోసారీ పోసింది. రెండుసార్లు చాలు, ఎప్పుడూ రెండుసార్లే పోస్తుంది.

ఇక ఉక్కు చుట్ట మిగిలింది. అది స్ప్రింగులాంటిది, లోపలా బయటా మరే ఉంటుంది. కొత్తగా కోసిన చిల్లులోకి దాన్ని తిప్పి ఎక్కిస్తే, పాడైన మెత్తటి మర బదులు ఉక్కు మర వచ్చి కూర్చుంటుంది. దానికి లోపలి కొసన తోకలాంటి చిన్న ముక్క ఉంటుంది. ఎక్కించాక దాన్ని విరిచి పట్టకారుతో బయటికి తీయాలి. జారి ఇంజనులో పడిందా, పామును పిలిచి పక్కలో పడుకోబెట్టుకున్నట్టే. తోక విరిచే పని మా కోడలు రెండుసార్లు మొదలుపెట్టి ఆపింది. ఆ పిల్ల అలా తటపటాయించడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కను బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని, చాలాసేపు దానివంక చూసింది.

"నా చెయ్యి బరువెక్కింది మామయ్యా" అంది.

"అదేం మాట?"

"రెండు బళ్లూ నేను బిగించినవే. టిక్కు పానా కూడా పరీక్ష చేయించి తెచ్చాను, దాంట్లో తప్పేమీ లేదన్నారు. అంటే నేను టిక్ అన్నాక కూడా ఆగకుండా లాగుతున్నానన్నమాట. నాకు తెలియకుండానే లాగుతున్నాను."

చెప్పాల్సింది అప్పుడే. జేబులో బోల్టు ఉంది. ఆమె ముఖం నా లైటు వెలుగులోనే ఉంది. "చిన్నదానివి, అన్నీ మనసుకు పెట్టుకోకు" అన్నాను. పెద్దవాళ్లు నోరు తెరిస్తే చల్లటి మాట వస్తుందంటారు. మంచుగడ్డ కూడా చల్లగానే ఉంటుంది.

ఆ మర్నాడు ఈల వచ్చాడు. ఆరుగురు రైడర్లలో ఒకడు, ఎప్పుడూ పెదాలు సున్నాలా చుట్టి ఏదో పాట ఊదుతుంటాడు కాబట్టి ఆ పేరు. ఆయిలు మార్చాలి. మా కోడలు అన్నీ చేసి, బోల్టు చేత్తో ఎక్కించి, లేచి నిలబడింది. గోడకున్న నా పొడుగు పానా తీసి నాకిచ్చింది.

"చివరిది మీరే బిగించండి మామయ్యా. ఈ రోజుకు నా చేతిమీద నాకు నమ్మకం లేదు."

"అద్దీ! పెద్దాయన పట్టు అంటే పెద్దాయన పట్టే" అన్నాడు ఈల.

మెల్లగా బిగిద్దామనుకునే వంగాను. ఒట్టు. కానీ పక్కన నిలబడి ఒకడు పొగుడుతున్నాడు, కోడలు పదేళ్లలో మొదటిసారి పానా చేతికిచ్చింది. పైగా నలభై ఏళ్ల చెయ్యి అది, నా మాట ఎప్పుడు విన్నది గనక? బోల్టు చివర్లో కాస్త మెత్తగా జరిగినట్టు అనిపించింది. జరగలేదని నాకు నేనే చెప్పుకుని లేచాను.

నాలుగో రోజున కొండ దిగుతూ మలుపు దగ్గర ఈల పడ్డాడు. బోల్టు దారిలో ఎక్కడో ఊడి, ఆయిలంతా వెనక చక్రం మీద కారింది. మణికట్టు విరిగింది. పెట్టె పగిలి ముప్పై రెండు మంది రక్తం రోడ్డు మీద పోయింది. వాళ్లంతా మళ్లీ సూది పొడిపించుకోవాలి. లోయ వైపు కాకుండా కొండ వైపు జారాడు కాబట్టి బతికాడు.

మర్నాడు ఉదయం పది గంటలకు వస్తానని ఆసుపత్రి సూపర్వైజరు ఫోన్ చేశాడు. ఆరు బళ్లూ తీసేసుకుంటారన్న సంగతి ఆయన అనలేదు, మాకు వినబడింది. మా కోడలు ఫోన్ పెట్టేసి, టిక్కు పానాను గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఆయన అడక్కముందే నేను చెప్పేస్తాను, తప్పు నాదేనని. ఇక ఇంజన్ల పని చెయ్యను. కౌంటర్లో కూర్చుంటాను" అంది మా అబ్బాయితో.

వాడు కౌంటరు పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

ఇంటికొచ్చాను. మా ఆవిడ పెరటి గట్టు మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆ బోల్టు తీసి నా ముందు పెట్టింది. ఐదు రోజులుగా ప్రతి చొక్కాలోనూ అది ఉంటోందట, ఒక చొక్కాలోంచి ఇంకో చొక్కాలోకి నేనే మార్చుకుంటున్నానట.

"ఏమిటిది? తాళిబొట్టులా మోస్తున్నారు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె దుప్పటి మడత సగంలో ఆపి విన్నది.

ఇక్కడ మీకు ఒక పాత సంగతి చెప్పాలి. పెద్దపట్టు నా బలంలోంచి పుట్టలేదు. నా ఇరవై ఐదో ఏట మా ఆవిడ తమ్ముడి బండికి ఆయిలు మార్చి, కబుర్లలో పడి డ్రెయిన్ బోల్టు చేత్తో ఎక్కించి వదిలేశాను. అది దారిలో ఊడి, ఇంజను బిగుసుకుపోయి, వాడు పడ్డాడు. అప్పటినుంచీ వాడిది కుంటికాలే. వస్తాదుల కథ నేను ఆ తర్వాతే కట్టాను. వదులైన బోల్టు గురించి ఎవరూ అడక్కుండా, బిగిసిన బోల్టు గురించి ఊరంతా చెప్పుకునేలా.

"మా తమ్ముడు ఆ కాలు సంగతి ఏనాడో మర్చిపోయాడు. మీరే ఇంకా బోల్టుల మీద కక్ష తీర్చుకుంటున్నారు" అంది మా ఆవిడ. దుప్పటి మడత ముగించి, "ఆ పిల్ల పొద్దున్నుంచీ తన చేతులు చూసుకుంటోంది, ఎవరి చేతులో అన్నట్టు. రేపు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది.

"నేనే చెప్తాను."

"కథలా చెప్పకండి" అంది.

పదికి పది నిమిషాలుండగానే సూపర్వైజరు వచ్చాడు. నిలబడ్డా కూర్చున్నా చేతి గడియారం చూసుకునే మనిషి. మా కోడలు నోరు తెరవకముందే నేను మధ్యలోకి వెళ్లాను. బోల్టు ఆయన చేతిలో పెట్టి, ఏడాదిగా ఏం చేశానో చెప్పాను. వస్తాదులు లేకుండా చెప్పాను.

ఆయన చివరిదాకా విని, నా భుజం తట్టాడు.

"పెద్దాయనా, మీ కథలు మా వాళ్లు భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. కోడలి మీద మీకున్న ప్రేమకు దండం పెట్టాలి. కానీ ఇక్కడ నా రైడరు చెయ్యి విరిగింది."

"గీత చూడండి బాబూ, బోల్టు తల మీద..."

"ఆ పానా గోడకే వేలాడుతోంది కదా. ఎవరైనా వాడొచ్చు."

అది కాదు నన్ను పొడిచింది. మా కోడలు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు.

"వద్దు మామయ్యా. నా తప్పు మీరు మోయొద్దు. మీరు ఇంత మాటన్నారు, నాకదే చాలు."

చూశారా! నలభై ఏళ్లు అబద్ధాలు చెప్తే చప్పట్లు కొట్టారు. నిజం చెప్తే నాకు దండం పెడుతున్నారు. నేను పొడిచిన మనిషే నాకు కృతజ్ఞత చెప్తోంది. మింగలేను, కక్కలేను.

బెంచీ కింద ఒక పాత ఇంజను అడుగుభాగం ఉంది, ఎప్పుడో పిస్టను చెడితే మార్చిన బండిది. దాని మర చెక్కుచెదరలేదు. దాన్ని లాగి పైన పెట్టి బిగింపులో పట్టించాను.

"అమ్మాయ్, నీ టిక్కు పానా తే. దీనికి బోల్టు బిగించు, రోజూ ఎలా బిగిస్తావో అలాగే."

ఆమె సూపర్వైజరు వైపు చూసింది. ఆయన గడియారం వైపు చూశాడు. ఆమె డబ్బా తెరిచి, పానా తీసి, కొత్త వాషరు వేసి బిగించింది. టిక్. చెయ్యి తీసేసింది.

నేను పొడుగు పానా పెట్టి నా పట్టు పట్టాను.

ఏమీ కాలేదు. బోల్టు బ్రహ్మాండంగా ఉంది.

"అయిందా పెద్దాయనా?" అన్నాడు ఆయన.

"ఒక్కసారికి పోతుందని నేననలేదు. మీ బళ్లు నెలనెలా వచ్చాయి. నెలనెలా పట్టాను. విప్పమ్మా. మళ్లీ బిగించు."

విప్పింది, బిగించింది. టిక్. నేను పట్టాను. మళ్లీ విప్పింది. మూడోసారి. ముందుగదిలోంచి మా అబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగోసారి టిక్కుకు ముందే ఆమె చెయ్యి ఆగింది.

"ఆగండి. మెత్తబడింది."

సూపర్వైజరు పానా తీసుకుని తనూ తిప్పి చూశాడు. "గట్టిగానే ఉందే?"

"లేదు సార్. చివర్లో సాగుతోంది. అదుగో, అక్కడ." ఆమె రెండు వేళ్లతో పానా కొస పట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇంకొక్కసారి పట్టండి మామయ్యా."

పట్టాను. మళ్లీ విప్పి, బిగించి, పట్టి చూస్తే ఆరోసారికి బోల్టు వెన్నలో గరిటెలా తిరిగింది. మా కోడలు దాన్ని చేత్తోనే బయటికి తీసింది. మరల మధ్య వెండి తీగ చుట్టుకుని ఉంది. మొదటి బండిలోదీ ఇంతే, రెండో బండిలోదీ ఇంతే.

ఆమె బోల్టును వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. ఆ ముఖం మీదికి ముందు ఊరట వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఈ మెత్తదనం నాకు ఇంతకుముందే తెలిసింది" అంది. నాతో కాదు, బోల్టుతో అన్నట్టు. "ఈల బండికి బోల్టు చేత్తో ఎక్కిస్తుంటేనే చివర వదులుగా తగిలింది. నా చెయ్యే పాడైంది, నా చేతికే సరిగా తెలియట్లేదనుకున్నాను. అందుకే మీకిచ్చాను మామయ్యా."

బోల్టు బెంచీ మీద పెట్టి నావైపు తిరిగింది.

"అప్పటికే మీకు తెలుసు కదా?"

"తెలుసు."

సూపర్వైజరు మొదటిసారి గడియారం చూసుకోకుండా కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆమెతో, "పని మీ దగ్గరే ఉంటుందమ్మా. మిగతా మూడు బళ్లూ మధ్యాహ్నానికి పంపిస్తాను, విప్పి చూడండి. ఒక్కటే షరతు. పెద్దాయన ఈ షెడ్డులో అడుగు పెట్టకూడదు" అన్నాడు.

పోనీలెండి సార్, పెద్దవాడు, ఇక ముట్టుకోడు అంటుందనుకున్నాను. అబద్ధమెందుకు, అంటుందనే ఆశపడ్డాను.

"సరే సార్" అంది. ఆలోచించలేదు, నావైపు చూడలేదు.

మా అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. "నాన్నా, కుర్చీ బయట వేస్తాను" అన్నాడు. వాడి సొంత మాటలు నేను వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం మూడు బళ్లూ వచ్చాయి. గుమ్మం అవతల, వీధి అరుగు మీద కూర్చుని విన్నాను. లోపల ట్రేలో ఆయిలు కారుతున్న చప్పుడు. ఒక బండికి టిక్ వినిపించింది. రెండోదానికీ వినిపించింది. మూడోదానికి చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత డ్రిల్లు చప్పుడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. ఇక్కడ నా చెయ్యి కూడా మోకాలి మీద అలాగే కదులుతోందని కాసేపటికి గాని తెలియలేదు. దారిన పోయే ఒకాయన ఆగి, "ఏం పెద్దాయనా, బయట కూర్చున్నావు, లోపల వస్తాదులు పడుకున్నారా?" అన్నాడు. నవ్వడానికి పళ్లు ఉన్నాయి గానీ నవ్వు రాలేదు. "నీ బండి ఒకసారి తీసుకురా, అడుగు బోల్టు చూపించాలి" అన్నాను. "పట్టు పడుతుందా?" అని నవ్వుకుంటూ పోయాడు. అది కూడా జోకనుకున్నాడు.

డ్రిల్లు ఆగాక ఆమె బయటికొచ్చింది. గడప దాటలేదు, లోపలే నిలబడింది. చేతిలో మా అబ్బాయి కౌంటరు పుస్తకం, చెవి వెనక పెన్సిలు.

"మామయ్యా, ఏడాదిగా మీరు పట్టిన బళ్లన్నీ గుర్తున్నాయా?"

"ఆసుపత్రివి కాక?"

"అన్నీ. నేను వెనక్కి వెళ్లినప్పుడల్లా."

"గుర్తున్నాయమ్మా."

"చెప్పండి. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చెయ్యాలి, బండి తీయొద్దని."

నేను మొదలుపెట్టాను. తపాలా ఆయన నల్లబండి. రొట్టెల బేకరీ అతని రెండు బళ్లు. లెక్కల టీచరమ్మ స్కూటరు కాదు, ఆవిడ భర్త మోటారు సైకిలు. ఆమె ఒక్కొక్కటి రాసుకుని, పెన్సిలు పుస్తకం మీదే ఆపి తల ఎత్తేది.

"నిజమేనా?"

"నిజమేనమ్మా."

"ఒకసారేనా?"

"నాలుగుసార్లు."

రాసుకునేది. తర్వాతది చెప్పేవాణ్ని. మధ్యలో కుట్టుమిషన్లు బాగుచేసే అతని బండి చెప్తూ, ఆ రోజు అతనేమన్నాడో కూడా చెప్పబోయాను, అలవాటు కొద్దీ. ఆమె పెన్సిలు కదలకుండా ఉండడం చూసి ఆపేశాను. బండి నంబరు మాత్రం చెప్పాను. మొత్తం నలభై ఒకటి. పదో బండి తర్వాత నమ్ముతుందనుకున్నాను, ఇరవయ్యో దాని తర్వాతైనా అడగడం మానేస్తుందనుకున్నాను.

నలభై ఒకటో బండి రాసుకుని కూడా తలెత్తి, నా కళ్లలోకి చూసి, "నిజమేనా మామయ్యా?" అని అడిగింది.

"నిజమేనమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి మొదటి నంబరుకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది.